కరెంటు బిల్లులో అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి? మీటరు ముందు నిలబడి సరిచూసుకునే పద్ధతి

బిల్లు చేతికి రాగానే అందరి చూపూ కింద ఉన్న మొత్తం మీదకే వెళ్తుంది. ఆ మొత్తం చూసి టెన్షన్ పడతాం, పోయిన నెలతో పోల్చుకుంటాం, ఇంట్లో ఫ్యాను ఎవరు ఆపలేదో వెతుకుతాం. కానీ బిల్లు తప్పో ఒప్పో ఆ మొత్తం చెప్పదు. ధరలు, స్లాబులు, పన్నులు కరెంటు సంస్థను బట్టి మారతాయి. కొలిచే తీరు మాత్రం ఎక్కడైనా ఒకటే. వోల్టేజీ ఎంత, కరెంటు ఎంత, ఆ రెండూ ఒకదానికొకటి ఎంత వెనకా ముందూ నడుస్తున్నాయి, ఎంతసేపు నడిచాయి అన్నదే మీటరు చూస్తుంది. ఈ కొలత అర్థమైన మనిషికి ఏ టారిఫ్ కాగితం ఇచ్చినా చదవగలడు.

కాబట్టి డబ్బు సంగతి పక్కన పెట్టి కొలతల సంగతి చూద్దాం. కావలసినవి: వరుసగా వచ్చిన రెండు బిల్లులు, ఒక ఫోను, కాగితం, పెన్ను. మీటరు మూత తీసే పని ఎక్కడా లేదు. సీలు ముట్టుకోకూడదు. వైర్లు విప్పాల్సిన పనులు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి.

1. మీ బిల్లులో ఎన్ని కొలతలు ఉన్నాయో తేల్చుకోండి

ఇంటి బిల్లులో మామూలుగా ఒక్క కొలతే ఉంటుంది: ఎన్ని యూనిట్లు కాలాయి. దానితోపాటు మంజూరైన లోడును బట్టి ఒక స్థిర చార్జీ ఉండవచ్చు. వర్క్‌షాపు, ఫ్యాక్టరీ, ఆసుపత్రి, పెద్ద ఆఫీసు బిల్లుల్లో ఇంకొన్ని వరుసలు కనిపిస్తాయి. కిలోవాట్-అవర్ (యూనిట్లు), కేవీఏహెచ్ (వైరు మొత్తంగా మోసింది), కేవీఏఆర్‌హెచ్ (పని చేయకుండా వచ్చి పోయింది), గరిష్ఠ డిమాండ్, పవర్ ఫ్యాక్టర్ (మోసినదాంట్లో పనికొచ్చిన వంతు) అని ఉంటాయి. వీటి వివరం ఆరు, ఏడు మెట్లలో వస్తుంది. ఏ సమయంలో ఎంత వాడారో విడివిడిగా చూపే వరుసలూ కొన్నిచోట్ల ఉంటాయి.

వీటిలో ఏ వరుసకు ఎదురుగా ధర ఉందో గుర్తుపెట్టండి. కొన్ని అంకెలను సమాచారం కోసమే వేస్తారు, కొన్నింటికి డబ్బు పడుతుంది. పవర్ ఫ్యాక్టర్ బాగుచేద్దామని ఖర్చు పెట్టబోయేవాళ్లు మొదట చూడాల్సింది ఇదే. దానికి మీ టారిఫ్‌లో ధరే లేకపోతే, బిల్లు వరకు ఆ ఖర్చు తిరిగి రాదు.

2. యూనిట్‌ను మీటరు ఎలా లెక్కిస్తుంది

1,000 వాట్ల లోడు గంటసేపు నడిస్తే ఒక కిలోవాట్-అవర్. అదే యూనిట్. 2,000 వాట్ల హీటరు అరగంట నడిచినా, 10 వాట్ల బల్బు 100 గంటలు వెలిగినా కాలేది అదే ఒక్క యూనిట్.

తొలి రోజుల్లో ఎడిసన్ కంపెనీ డీసీ కరెంటును రసాయన మీటరుతో కొలిచేది. వాడకందారు కరెంటులో కొంత భాగం జింక్ ద్రావణం గుండా పోయేది. ఒక పలక నుంచి జింక్ కరిగి ఇంకో పలకకు చేరేది. ఆ పలకలను తీసుకెళ్లి తూకం వేసి బిల్లు రాసేవారు. అందులో కొలిచింది కరెంటునే, శక్తిని కాదు. ఏసీ వచ్చాక ఆ పద్ధతి పనికిరాలేదు. 1889లో హంగరీ ఇంజనీరు ఒట్టో బ్లాతీ ఏసీ కోసం ఇండక్షన్ మీటరుకు పేటెంటు తీసుకున్నాడు. అల్యూమినియం చక్రం, ఒక వైపు వోల్టేజీ కాయిల్, ఇంకో వైపు కరెంటు కాయిల్, చక్రాన్ని అదుపులో పెట్టే శాశ్వత అయస్కాంతం ఉండే చక్రం మీటర్లు ఆ కోవలోవే. వాడే పవరు ఎంత ఎక్కువైతే చక్రం అంత వేగంగా తిరుగుతుంది. తిరిగిన చుట్లను గేర్లు లెక్కపెడతాయి. వందేళ్లకు పైగా ప్రపంచం మొత్తం దీని మీదే నడిచింది.

ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరులో చక్రం లేదు. వోల్టేజీని, కరెంటును సెకనుకు వేలసార్లు చూసి, ఆ రెండు అంకెలను అక్కడికక్కడే గుణించి, వచ్చిన ఫలితాన్ని కూడుతూ పోతుంది. పీల్చిన కరెంటులో కొంత తిరిగి వెనక్కు వెళ్తుంటే ఆ క్షణాల్లో లబ్ధం మైనస్‌లోకి పోతుంది, మొత్తంలోంచి తీసివేయబడుతుంది. పవర్ ఫ్యాక్టర్ గురించి తర్వాత చెప్పబోయేది అంతా ఇక్కడే మొదలవుతుంది.

3. మీటరు ముఖం చదవండి

స్క్రీనుకు చుట్టుపక్కల ముద్రించిన అక్షరాలను చాలామంది అసలు చూడరు. వాటిలో మూడు ముఖ్యం.

మొదటిది క్లాసు. క్లాసు 1 అంటే నిర్ణీత పరిస్థితుల్లో తేడా 1 శాతం దాటకూడదు. పెద్ద సర్వీసులకు 0.5ఎస్, 0.2ఎస్ క్లాసు మీటర్లు పెడతారు. రెండోది కరెంటు పరిధి, ఉదాహరణకు 10-60 ఆంపియర్లు. మూడోది మీటరు స్థిరాంకం: యూనిట్‌కు 3,200 పల్సులు అనో, చక్రం మీటరైతే యూనిట్‌కు 600 చుట్లు అనో ఉంటుంది. ఐదో మెట్టులో దీనితోనే పని.

స్క్రీను మీద అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. పక్కన చిన్న కోడ్ కనిపిస్తే మీ పని సులువవుతుంది. 1.8.0 అంటే లైను నుంచి మీరు తీసుకున్న యూనిట్లు. 2.8.0 అంటే మీరు లైనుకు పంపినవి. 3.8.0, 4.8.0 రియాక్టివ్ శక్తికి (కేవీఏఆర్‌హెచ్), 9.8.0 కేవీఏహెచ్‌కు, 1.6.0 కిలోవాట్లలో గరిష్ఠ డిమాండ్‌కు. ఓబిస్ అనే ఈ కోడ్ల పద్ధతిని చాలా దేశాల్లో మీటర్ల తయారీదారులు పాటిస్తారు. కోడ్ లేకపోతే అంకె పక్కన ఉన్న కొలమానం చూసి పోల్చుకోవాలి. దశాంశ బిందువును మాత్రం జాగ్రత్తగా చూడండి. పాత మీటర్లలో చివరి అంకె వేరే రంగు గడిలో ఉంటే మామూలుగా అది పదో వంతు. దాన్ని కలిపి చదివితే బిల్లు పదింతలవుతుంది.

4. తేడా తీసి, గుణకం పెట్టండి

ఇప్పటి రీడింగులోంచి పాత రీడింగు తీసేయాలి. ఇంటి మీటరుకు అంతటితో సరి, ఎందుకంటే కరెంటు మొత్తం మీటరు గుండానే పోతుంది. బిల్లు మీద ఉన్న రీడింగుకు, మీరు ఇప్పుడు ఫోటో తీసిన రీడింగుకు పొంతన ఉందో లేదో చూడండి. ఇప్పటి రీడింగు బిల్లులో రాసినదానికంటే తక్కువగా ఉంటే, ఎవరో అంచనాగా రాశారన్నమాట. అలాంటి తప్పు తర్వాతి రీడింగులో సర్దుకుంటుందని వదిలేయకండి. స్లాబుల టారిఫ్‌లో ఒక నెల యూనిట్లు ఇంకో నెలకు దొర్లితే పై స్లాబు ధర పడుతుంది.

పెద్ద సర్వీసుల్లో వందల ఆంపియర్లు మీటరు గుండా పోలేవు. అందుకే సీటీ అనే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి తగ్గిస్తారు. హైటెన్షన్ అయితే వోల్టేజీని తగ్గించడానికి పీటీ కూడా ఉంటుంది. మీటరు చూసేది ఈ తగ్గించిన అంకెలనే, కాబట్టి వాటిని మళ్లీ పెంచాలి. సీటీ 200/5 అయితే నిష్పత్తి 40. పీటీ 11,000/110 అయితే 100. రెండూ ఉంటే గుణకం 4,000. అంటే మీటరు మీద 6 యూనిట్ల తేడా కనిపిస్తే నిజంగా కాలింది 24,000 యూనిట్లు.

నా దృష్టిలో పెద్ద సర్వీసుల బిల్లుల్లో అన్నిటికంటే ముందు చూడాల్సింది ఈ గుణకమే. మీటరు ఒక శాతం తప్పు చూపితే పోయేది ఒక శాతం. 100/5 సీటీ ఉన్నచోట 200/5 అని కాగితం మీద రాస్తే బిల్లు ప్రతి నెలా రెట్టింపవుతుంది, మీటరును ఎన్నిసార్లు పరీక్షించినా అది సరిగ్గానే ఉన్నట్టు తేలుతుంది. సీటీ ఒంటి మీద ఉన్న నిష్పత్తి, మీటరు మీద ఉన్న నిష్పత్తి, బిల్లులో గుణకం, ఈ మూడింటినీ ఒకే కాగితం మీద రాసుకుని పోల్చండి. కొన్ని మీటర్లలో నిష్పత్తిని ముందే లోపల నింపేస్తారు. అప్పుడు స్క్రీను మీద ఉన్నదే అసలు అంకె. దాన్ని మళ్లీ గుణిస్తే తప్పు.

సీటీలు మార్చినప్పుడల్లా ఈ పోలిక మళ్లీ చేయాలి.

5. మీటరు వేగం సరిగ్గా ఉందో చూడండి

మీటరు మీద చిన్న ఎర్ర ఎల్‌ఈడీ మిణుకుమంటూ ఉంటుంది. స్థిరాంకం 3,200 అయితే, అది 3,200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు. మీటరు వేగాన్ని బయటి నుంచి పట్టుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు.

ఇంట్లో అన్నీ ఆపేసి, ఒకే ఒక్క హీటరు లాంటి లోడు నడపండి. ఇస్త్రీ పెట్టె వద్దు, వేడెక్కగానే దానంతట అది ఆగిపోతుంది. ఫోనులో వీడియో ఆన్ చేసి ఎల్‌ఈడీని ఒక నిమిషం పైన రికార్డు చేయండి. కంటితో చూస్తూ లెక్కపెట్టే కంటే ఇదే నయం, ఎందుకంటే వెనక్కు తిప్పి మళ్లీ లెక్కపెట్టుకోవచ్చు. మొదటి మెరుపును సున్నా అనుకోండి, ఒకటి అనుకోకండి. చాలామంది ఇక్కడే తప్పుతారు. సున్నా నుంచి 50 వరకు ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి.

లెక్క ఇది: 50 × 36,00,000 ÷ (3,200 × సెకన్లు) = వాట్లు. సులువుగా చెప్పాలంటే 56,250ని సెకన్లతో భాగించాలి. 1,000 వాట్ల లోడుకు 56 సెకన్ల పైచిలుకు పడుతుంది. యూనిట్‌కు 600 చుట్లు తిరిగే చక్రం మీటరైతే, 1,000 వాట్లకు ఒక చుట్టుకు 6 సెకన్లు.

ఇప్పుడు వచ్చిన వాట్లను హీటరు మీద రాసిన వాట్లతో పోల్చి వెంటనే తీర్పు చెప్పకూడదు. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్లు అని రాసి ఉన్న హీటరుకు ఆ పూట 215 వోల్టులే వస్తే, అది తీసుకునేది వోల్టేజీ వర్గం ప్రకారం తగ్గి సుమారు 1,750 వాట్లే. 50 మెరుపులకు 32 సెకన్లు పడితే మీటరు సరిగ్గానే ఉన్నట్టు. వోల్టేజీని మీటరు స్క్రీనే చూపిస్తే అది రాసుకోండి. లేదా ప్లగ్గుకు తగిలించే వాట్ మీటరు దొరికితే దానితో పోల్చండి.

హీటరు తయారీలోనే కొంత తేడా ఉంటుంది కాబట్టి, ఈ పరీక్షలో 5 శాతం అటూ ఇటూ వస్తే దాన్ని మీటరు తప్పుగా లెక్కించకండి. 10, 15 శాతం తేడా వస్తే, అదీ మళ్లీ మళ్లీ చేసినా అలాగే వస్తే, మీటరు పరీక్ష అడగడానికి అది గట్టి కారణం.

తర్వాత ఖాళీ పరీక్ష. మీటరు తర్వాత ఉన్న మెయిన్ స్విచ్ ఆపండి. ఎల్‌ఈడీ మెరవకూడదు, లేదా కొన్ని మీటర్లలోలాగా కదలకుండా వెలుగుతూ ఉండాలి. మెరుస్తూనే ఉంటే మీటరుకు, మెయిన్ స్విచ్‌కు మధ్య నుంచి ఇంకెవరికో కనెక్షన్ పోతుండవచ్చు, వైరింగులో లీకేజీ ఉండవచ్చు, మీటరులోనే లోపం ఉండవచ్చు. ఏదైనా సరే పిలిచి చూపించాల్సిన విషయమే.

చక్రం మీటరు తీసి ఎలక్ట్రానిక్ మీటరు పెట్టాక బిల్లు పెరిగిందన్న ఫిర్యాదు చాలాచోట్ల వినిపిస్తుంది. ప్రతిసారీ కొత్త మీటరుది తప్పు కాదు. ఏళ్ల తరబడి తిరిగిన చక్రానికి రాపిడి పెరిగి, చిన్న లోడుకు అది కదలదు. 10 ఆంపియర్ల క్లాసు 1 ఎలక్ట్రానిక్ మీటరు మాత్రం 0.04 ఆంపియర్ల దగ్గరే, అంటే 230 వోల్టుల మీద దాదాపు 9 వాట్లకే, లెక్క మొదలుపెట్టాలన్నది ప్రమాణం. స్టాండ్‌బైలో ఉన్న టీవీ, రౌటరు, చార్జర్లు పాతదాని కంట పడలేదు, కొత్తదాని కంట పడ్డాయి.

అలాగని ఎలక్ట్రానిక్ మీటరు ఎప్పుడూ తప్పదని కూడా అనకూడదు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో, డిమ్మర్లతో నడిచే ఎల్‌ఈడీ బల్బుల లాంటి లోడ్ల మీద కొన్ని మీటర్లు 582 శాతం వరకు ఎక్కువ చూపాయి. అవి ప్రయోగశాలలో కావాలని ఎంచుకున్న కష్టమైన లోడ్లు, ఇళ్లలో మామూలుగా అలా ఉండదు. అయినా మీటరును నమ్మనివాళ్ల మాటను కొట్టిపారేయకూడదనడానికి ఆ ఒక్క ఫలితం చాలు.

6. గరిష్ఠ డిమాండ్ లెక్క తెలుసుకోండి

యూనిట్ నెల మొత్తం వాడకం చెబుతుంది. డిమాండ్ మాత్రం మీరు ఒక్కసారిగా ఎంత లాగారో చెబుతుంది. మీ కోసం సంస్థ వేసిన కేబులు, ట్రాన్స్‌ఫార్మర్ ఆ గరిష్ఠానికి సరిపోవాలి కాబట్టి దానికి విడిగా డబ్బు తీసుకుంటారు.

ఒక్కసారిగా అంటే ఒక్క క్షణం కాదు. 15 నిమిషాలో, 30 నిమిషాలో ఒక గడిగా తీసుకుని, ఆ గడిలో సగటు కడతారు. నెలలోని గడులన్నిటిలో పెద్ద సగటే మీ గరిష్ఠ డిమాండ్.

ఫ్యాక్టరీల్లో ఒక భయం ఎప్పుడూ వినిపిస్తుంది: మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది కదా, దానితో డిమాండ్ పెరిగిపోతుందేమో అని. లెక్క కట్టి చూడండి. 50 కేవీఏ మోటారు 10 సెకన్ల పాటు 300 కేవీఏ లాగిందనుకుందాం. అరగంటకు 1,800 సెకన్లు. 300 × 10 ÷ 1,800 అంటే 1.7 కేవీఏ కూడా దాటదు. భయపడాల్సింది వేరే దానికి. కరెంటు పోయి వచ్చాక కంప్రెసర్, పంపు, ఫర్నేసు అన్నీ కలిసి ఒకే అరగంటలో పూర్తి లోడు మీద నడిస్తే ఆ నెల డిమాండ్ అప్పుడే తేలిపోతుంది. మిగతా రోజులన్నీ ఎంత పొదుపుగా నడిపినా ఆ అంకె దిగదు. కొన్ని టారిఫ్‌లలో గత నెలల గరిష్ఠాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు, అప్పుడు ఆ ఒక్క అరగంట చాలా నెలలు వెంటాడుతుంది.

పెద్ద యంత్రాలను ఒక గడి తేడాతో విడివిడిగా మొదలుపెట్టడమే దీనికి మందు, ఖర్చేమీ లేదు. అయితే మీ మీటరులో గడులు గడియారం ప్రకారం కదలకుండా ఉన్నాయా, లేక కొద్ది నిమిషాలకోసారి జరుగుతూ ఉంటాయా అన్నది ముందు అడిగి తెలుసుకోండి. కదలని గడులైతే, రెండు గడుల మధ్య సగం సగం పడిన లోడు తక్కువగా కనిపిస్తుంది. జరిగే గడులు దాన్ని పట్టేస్తాయి.

ఇదే చోట లోడ్ ఫ్యాక్టర్ కూడా, అంటే గరిష్ఠంలో మీ సగటు వాడకం ఎంత శాతమో, చూసుకోవచ్చు. నెలలో 24,000 యూనిట్లు కాలి, గరిష్ఠం 100 కిలోవాట్లు ఉంటే, 30 రోజుల 720 గంటలకు లోడ్ ఫ్యాక్టర్ 33 శాతం.

7. పవర్ ఫ్యాక్టర్‌ను అర్థం చేసుకోండి, సామర్థ్యంతో కలపకండి

మోటారుకు, ట్రాన్స్‌ఫార్మర్‌కు, పాత చోక్‌కు అయస్కాంత క్షేత్రం కావాలి. దాని కోసం కొంత శక్తి లైను నుంచి వస్తుంది, మళ్లీ లైనుకే వెళ్లిపోతుంది, సెకనులో ఎన్నోసార్లు. ఈ రాకపోకల వల్ల పని జరగదు, యూనిట్ కాలదు. కానీ దాని కరెంటు వైరులో నిజంగానే పారుతుంది, వైరును నిజంగానే వేడెక్కిస్తుంది. పని చేసే పవరు కిలోవాట్లలో, తిరుగుతూ ఉండేది కేవీఏఆర్‌లో, వైరు మొత్తంగా మోసేది కేవీఏలో. కిలోవాట్లను కేవీఏతో భాగిస్తే వచ్చేదే పవర్ ఫ్యాక్టర్.

పవర్ ఫ్యాక్టర్ 0.7 ఉంటే అదే పనికి కరెంటు 1.43 రెట్లు కావాలి. వైరులో నష్టం కరెంటు వర్గం ప్రకారం పెరుగుతుంది, అంటే రెండింతలు. ఆ భారం సంస్థ లైన్ల మీద పడుతుంది. అందుకే దాన్ని కొలిచి డబ్బు అడుగుతారు. నాకు ఇది న్యాయంగానే కనిపిస్తుంది.

అయితే పవర్ ఫ్యాక్టర్ తక్కువగా ఉన్న పరికరం కరెంటు వృథా చేస్తుందని అనుకోవడం పొరపాటు. వేడి తీగ హీటరు పవర్ ఫ్యాక్టర్ దాదాపు 1. చవక ఎల్‌ఈడీ బల్బుది 0.5 కావచ్చు. అయినా ఫిలమెంట్ బల్బుతో పోలిస్తే ఎల్‌ఈడీ ఎంతో తక్కువ కరెంటుతో అదే వెలుగిస్తుంది. యంత్రం లోపల ఎంత పని జరిగిందన్నది సామర్థ్యం. లైను మీద ఎంత బరువు పడిందన్నది పవర్ ఫ్యాక్టర్. సంస్థ మీటరు రెండోదాన్నే చూస్తుంది, మొదటిది దానికి తెలియదు.

బిల్లులో దీన్ని మూడు రకాలుగా పెడతారు. ఒక హద్దు కంటే తగ్గితే పెనాల్టీ వేయడం ఒకటి. కేవీఏఆర్‌హెచ్‌కు విడిగా ధర కట్టడం రెండోది. అసలు యూనిట్ల బదులు కేవీఏహెచ్‌కే బిల్లు వేయడం మూడోది.

ఉదాహరణ చూద్దాం. ఒక వర్క్‌షాపు నెలకు 240 గంటలు, 100 కిలోవాట్ల లోడు మీద నడిచింది. యూనిట్లు 24,000, కేవీఏఆర్‌హెచ్ 18,000. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 30,000 కేవీఏహెచ్. 24,000 ÷ 30,000 = 0.80, ఇదే నెల సగటు పవర్ ఫ్యాక్టర్. దీన్ని 0.95కు తెస్తే కేవీఏహెచ్ 25,263కు దిగుతుంది. కేవీఏహెచ్ మీద బిల్లు వేసేచోట 4,700కు పైగా తగ్గాయన్నమాట, యంత్రాలు ఒక్క నిమిషం కూడా ఆపకుండానే.

మీ లెక్కకు, మీటరులోని కేవీఏహెచ్‌కు కొద్దిగా తేడా వస్తే కంగారు పడకండి. మీటరు ప్రతి చిన్న వ్యవధికీ కేవీఏ కట్టి కూడుతుంది, మీరు నెల మొత్తానికి ఒకేసారి కట్టారు. పవర్ ఫ్యాక్టర్ నెలలో మారుతూ పోతే మీటరు అంకె కాస్త ఎక్కువే ఉంటుంది. స్క్రీను మీద ఆ క్షణంలో కనిపించే పవర్ ఫ్యాక్టర్ చూసి కూడా మోసపోకండి. మధ్యాహ్నం 0.98 చూపినా నెల సగటు 0.85 ఉండవచ్చు.

8. కెపాసిటర్ ఎంత కావాలో కట్టండి

మోటార్లకు కావలసిన కేవీఏఆర్‌ను లైను బదులు అక్కడికక్కడే ఇచ్చేది కెపాసిటర్. పవర్ ఫ్యాక్టర్ పెంచడానికి దాన్నే పెడతారు. కావలసిన కేవీఏఆర్ = కిలోవాట్లు × (పాత టాన్ − కొత్త టాన్). టాన్ అంటే ఆ పవర్ ఫ్యాక్టర్ దగ్గర కేవీఏఆర్‌ను కిలోవాట్లతో భాగిస్తే వచ్చేది. టాన్ విలువలు: 0.80కి 0.75, 0.85కి 0.62, 0.90కి 0.484, 0.95కి 0.329. పై వర్క్‌షాపుకు 100 × (0.75 − 0.329) = 42 కేవీఏఆర్. దానితో కేవీఏ డిమాండ్ కూడా 125 నుంచి 105కు దిగుతుంది.

కొనేటప్పుడు కెపాసిటర్ మీద రాసిన వోల్టేజీ చూడాలి. 440 వోల్టులకు రాసినదాన్ని 400 వోల్టుల లైను మీద పెడితే వచ్చేది 83 శాతమే, 42 అనుకున్నది సుమారు 35 అవుతుంది. కెపాసిటర్లు కాలక్రమేణా బలం తగ్గుతాయి కూడా. 400 వోల్టుల మీద నిజంగా 25 కేవీఏఆర్ ఇస్తున్న కెపాసిటర్ ప్రతి ఫేజులో 36 ఆంపియర్లు లాగాలి. ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటరు పెట్టి చూస్తే ఏది చచ్చిందో నిమిషంలో తెలుస్తుంది. స్విచ్ ఆపాక కూడా కెపాసిటరులో చార్జి ఉంటుంది, అది పూర్తిగా దిగేదాకా చేయి పెట్టకూడదు.

ఎక్కువ పెడితే ఇంకా మంచిదనుకోవద్దు. రాత్రి యంత్రాలు ఆగాక కెపాసిటర్లు లైను మీదే ఉంటే పవర్ ఫ్యాక్టర్ లీడింగులోకి పోతుంది, అంటే కరెంటు వోల్టేజీ కంటే వెనక (లాగ్) నడిచే బదులు ముందు (లీడ్) నడుస్తుంది. లాగ్, లీడ్ రెండింటినీ లెక్కించే మీటరులో పగలు మిగిల్చింది రాత్రి కేవీఏహెచ్‌గా మళ్లీ ఎక్కుతుంది. లోడును బట్టి తనే కెపాసిటర్లను కలిపి తీసే ఆటోమేటిక్ ప్యానెల్ ఉన్నది ఇందుకే. మోటారు వేగం మార్చే డ్రైవులు, యూపీఎస్‌లు, ఎల్‌ఈడీలు ఎక్కువగా ఉన్నచోట కరెంటు తరంగం ఆకారమే చెడుతుంది, అంటే హార్మోనిక్స్. అక్కడ ఉత్త కెపాసిటర్ పని చేయకపోగా రెజొనెన్స్ వచ్చి, అంటే లైనుతో కలిసి ఆ హార్మోనిక్స్‌ను ఇంకా పెంచి, తనే కాలిపోవచ్చు. రియాక్టరు కలిపిన కెపాసిటరో, ఫిల్టరో కావాలి.

ఇళ్లవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. ప్లగ్గులో పెడితే బిల్లు సగం అవుతుందని అమ్మే పెట్టెల్లో మామూలుగా ఉండేది చిన్న కెపాసిటరే. ఇంటి మీటరు యూనిట్లకే బిల్లు వేస్తుంటే దాని వల్ల తగ్గేది చెప్పుకోదగ్గంత ఉండదు. ఆ డబ్బు పెట్టకండి.

9. మూడు ఫేజుల మీటరులో మూడూ చూడండి

మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ ఉన్న నాలుగు వైర్ల సర్వీసును సరిగ్గా కొలవాలంటే మీటరులో మూడు కొలిచే భాగాలు ఉండాలి. ఒక్క సీటీ తిరగబడితే, మూడు ఫేజులూ సమానంగా ఉన్నప్పుడు, ఒకటి మైనస్ అయి మిగిలేది మూడో వంతు. ఒక ఫేజు వోల్టేజీ వైరు ఊడితే మూడింట రెండు వంతులే నమోదవుతాయి. రెండు సీటీల వైర్లు ఒకదాని స్థానంలో ఇంకొకటి పడితే సమాన లోడు దగ్గర మీటరు సున్నా చూపుతుంది.

బిల్లు తగ్గింది కదా అని ఊరుకోవడం మంచిది కాదు. తర్వాత ఎప్పుడో బయటపడితే పాత నెలలన్నిటికీ కలిపి ఒకేసారి బాకీ వస్తుంది, దాన్ని కట్టడం చాలా కష్టం. స్క్రీనులో ఒక్కో ఫేజు వోల్టేజీ, కరెంటు, పవరు విడిగా చూడండి. లోడు నడుస్తుండగా ఏదైనా సున్నా ఉన్నా, మైనస్ గుర్తు ఉన్నా వెంటనే రాతపూర్వకంగా తెలపండి.

10. సమయం, సోలార్

వేళను బట్టి ధర మారే టారిఫ్ ఉంటే మీటరు గడియారాన్ని మీ ఫోనుతో పోల్చండి. అది గంట తప్పితే చవక వేళ వాడకం ఖరీదైన వేళలో పడుతుంది.

సోలార్ పెట్టుకున్నవాళ్లు 1.8.0, 2.8.0 రెండూ రాసుకోవాలి. ప్యానెళ్లు ఆ క్షణంలో ఉత్పత్తి చేసి, మీరు ఆ క్షణంలోనే వాడేసిన కరెంటు ఈ రెండింటిలోనూ కనిపించదు. కాబట్టి ఇన్వర్టరు చూపే ఉత్పత్తికి, మీటరులో ఎగుమతికి పొంతన కుదరలేదని గాబరా పడనక్కర్లేదు.

ఫ్యాక్టరీల్లో ఇంకో సంగతి ఉంది. పై వర్క్‌షాపునే తీసుకుందాం: పవర్ ఫ్యాక్టర్ 0.95కు తెచ్చాక 100 కిలోవాట్లు, 33 కేవీఏఆర్. సోలార్ 70 కిలోవాట్లు ఇస్తే లైను నుంచి వచ్చేది 30 కిలోవాట్లే, కానీ 33 కేవీఏఆర్ మాత్రం అలాగే లైను నుంచే వస్తుంది. సంస్థ మీటరులో పవర్ ఫ్యాక్టర్ 0.67కు పడిపోతుంది. ఫ్యాక్టరీలో ఏమీ చెడలేదు, అయినా పెనాల్టీ రావచ్చు. చాలా ఇన్వర్టర్లు రియాక్టివ్ పవరు కూడా ఇచ్చేలా సెట్ చేయవచ్చు. సోలార్ పెట్టే ముందే ఆ మాట ఒప్పందంలో రాయించుకోండి.

11. తప్పు ఉందనిపిస్తే ఏం పట్టుకెళ్లాలి

తేదీ, సమయం కనిపించేలా తీసిన రీడింగుల ఫోటోలు, ఎల్‌ఈడీ వీడియో, ఆ సమయంలో వోల్టేజీ, నడుస్తున్న లోడు వివరం, సీటీ నిష్పత్తి, బిల్లులో గుణకం. బిల్లు ఎక్కువొచ్చిందన్న ఒక్క మాటకు బదులు, ఫలానా తేదీన ఇంత లోడుకు మీటరు ఇంత చూపిందని రాస్తే ఆ ఫిర్యాదును పక్కన పెట్టడం ఎవరికీ సులువు కాదు. చెక్ మీటరు పెట్టమని అడగండి. మీ మీటరుతో పాటు ఇంకో మీటరు అదే లోడు మీద కొన్నాళ్లు నడుస్తుంది, రెండింటి తేడా చూస్తారు. అది పెట్టిన రోజు రెండు మీటర్ల తొలి రీడింగులూ మీ ఎదురుగానే రాయించి, ఒక నకలు తీసుకోండి.